నరం కుట్టి రెండు నెలలైంది... వేలికి స్పర్శ రాలేదు!

ప్రశ్న: నా వయసు 34. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. రెండు నెలల కిందట బండ అంచు కోసుకుని కుడి మణికట్టు దగ్గర అల్నార్ నరం తెగింది. మర్నాడే కుట్టారు. చిటికెన వేలికి ఇంకా స్పర్శ లేదు. నరంలో ఎంజైములు తగ్గిపోతాయని, ఎంజైమ్ మాత్రలు వాడమని కొందరంటున్నారు. వాడొచ్చా?

జవాబు: ఎంజైములు తగ్గే మాట నిజమే. కానీ అది మాత్రలతో పూడ్చే లోటు కాదు. చేతి కండరాలను ఆడించే నరకణాలు మెడ కింది భాగంలో, వెన్నుపాములో ఉంటాయి. వాటి నుంచి చేతిదాకా సాగే సన్నని పోగు (తంతువు) తెగిందన్న కబురు అందగానే అవి పని మార్చుకుంటాయి. కండరానికి సంకేతమిచ్చే అసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైమ్, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ రెండూ తగ్గుతాయి. కండరంతో లంకె తెగాక వాటితో పనేముంది? కొత్త తంతువు పెంచుకోవడానికి అవసరమైన జీ6పీడీ, ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ వంటి ఎంజైములు మాత్రం పెరుగుతాయి. అంటే మీ నరకణం మరమ్మతులో ఉంది. తంతువు కండరాన్ని చేరాక పాత ఎంజైములు మళ్లీ పెరుగుతాయి.

తెగిన చోటికి కిందనున్న తంతువు సంగతి వేరు. అక్కడ సార్మ్1 అనే ఎంజైమ్ రెచ్చిపోయి, శక్తికి కీలకమైన ఎన్ఏడీ అనే పదార్థాన్ని హరించేస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఆ తంతువు ముక్కలవడం మొదలవుతుంది. కుట్టినా అది అతుక్కోదు. మిగిలిన తొడుగులోంచి కొత్తది పెరగాలి. కుట్టు దాటడానికే మూడు నాలుగు వారాలు, ఆ తర్వాత రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొసకు 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఆరు నెలలు పట్టొచ్చు.

ట్రిప్సిన్-కైమోట్రిప్సిన్ అనే ఎంజైమ్ మాత్రలు వాపు కోసం రాసేవి, నరాన్ని పెంచవు. బి12 లోపముంటే సరిచేయాలి. బి6 ఎక్కువ డోసులో నెలల తరబడి మింగితే నరాలే దెబ్బతింటాయి.

వేలి వైపు నుంచి కుట్టు వైపుకు మెల్లగా తట్టుతూ రండి. ఎక్కడ జివ్వుమంటుందో కొలిచి రాసుకోండి. ఆ చోటు నెలకు రెండు మూడు సెంటీమీటర్లు వేలి వైపు జరగాలి. కుట్టు దగ్గరే మూడు నాలుగు నెలలు నిలిచిపోతే నర్వ్ కండక్షన్ (నరంలో సంకేతం సాగే తీరు), ఈఎంజీ (కండరంలో విద్యుత్ సంకేతాలు) పరీక్షలు చేయించాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో చూపించుకోవచ్చు. ఏడాది, ఏడాదిన్నర దాటినా నరం అందకపోతే కండరం కోలుకోవడం కష్టం. అందుకే ఈ విషయంలో జాగు చేయొద్దు.

ఉంగరం వేలు, చిటికెన వేలు పక్షి గోళ్లలా వంకర తిరగకుండా ఫిజియోథెరపిస్టు ఇచ్చే స్ప్లింట్ (వేళ్లను ఆనించి ఉంచే పట్టీ) పెట్టుకోండి. వేళ్లను రోజూ రెండో చేత్తో పూర్తిగా చాచి, ముడవండి. బీడీ, సిగరెట్ మానేయండి. షుగర్ పరీక్ష చేయించండి. వేడి గిన్నె తగిలినా తెలియదు కాబట్టి ముందు ఎడమ చేత్తో చూసుకోండి. స్పర్శ వచ్చేదాకా కటింగ్ మిషన్ దగ్గర పనికి మాత్రం వెళ్లొద్దు.