పాత టీవీకి స్టిక్ చాలు, కొత్త ఈఎంఐ వద్దు

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు సంస్థలో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 34,000 రూపాయలు. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. బాబు ఇంటర్ చదువుతున్నాడు, నాన్నగారు మాతోనే ఉంటారు. ఇంట్లో ఉన్నది ఏడేళ్ల కిందటి 32 అంగుళాల మామూలు టీవీ, స్మార్ట్ కాదు. బాబు కంప్యూటర్ మానిటర్ పోయింది, కంప్యూటర్‌ని టీవీకి కలపమంటాడు. ఆవిడకి ఓటీటీ కావాలి. మేడ మీద యాంటెన్నా పెడితే దూరదర్శన్ వస్తుంది కదా అని నాన్నగారు. ఇవన్నీ పాత టీవీకి తగిలించే బదులు 55 అంగుళాల స్మార్ట్ టీవీ తీసుకుందామనుకుంటున్నాను. ధర 42,000. నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,500 చొప్పున 12 నెలలు. 8,000 సౌండ్‌బార్ క్రెడిట్ కార్డు మీద. ఖర్చుల చిట్టా జతచేశాను. బ్యాంకులో 11,000 ఉంది, చిట్టీలో నెలకు 2,000 పొదుపు చేస్తున్నాను. వడ్డీ లేనప్పుడు తీసుకుంటే నష్టం ఏముంది?

జవాబు: తీసుకోవద్దు. టీవీ కూడా వద్దు, సౌండ్‌బార్ అసలే వద్దు. మీ పాత టీవీతోనే ఇంట్లో ముగ్గురి కోరికా తీరుతుంది, అదెలాగో కింద రాస్తాను. పండగ సేల్ బోర్డులు కట్టే ముందు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. మీదాన్నే ఎంచుకోవడానికి కారణం, మీరు పంపిన చిట్టాలోనే జవాబు ఉండటం. మీరు దాన్ని రాశారు గానీ కూడి చూసుకోలేదు.

అద్దె 8,000. ఇంటి ఖర్చు, కరెంటు, కేబుల్ కలిపి 12,000. బాబు చదువుకి 4,000. బండి ఈఎంఐ 3,300, ఫోన్ ఈఎంఐ 1,900, చిట్టీ 2,000. మొత్తం 31,200. జీతంలో మిగిలేది 2,800. టీవీ కిస్తీ 3,500. మొదటి నెలలోనే 700 తక్కువ పడుతుంది, సౌండ్‌బార్ డబ్బులు ఇంకా లెక్కలోకే రాలేదు. మా ఆవిడ కుట్టుపని ఉంది కదా అంటారు. శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్‌లో మిషన్ ఆగదు, నిజమే. మరి ఆషాఢంలో? శూన్యమాసంలో? ఈఎంఐకి మూఢం ఉండదండీ, ప్రతి నెలా అదే తేదీకి ఖాతాలోంచి లాగేస్తుంది. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, అప్పిచ్చినవాడు ఇంకోటి వేస్తాడు, క్రెడిట్ స్కోరు దెబ్బ తినడం వేరే.

చిట్టీని పొదుపు అని రాశారు. వేలంలో పాడి ముందే ఎత్తేశానని మీరే చిట్టా కింద రాశారు. ఎత్తేసిన చిట్టీకి నెలనెలా కట్టేది పొదుపు కాదు, బాకీ. ఇంకా 14 నెలలు కట్టాలి. అంటే ఇప్పటికే మీ నెత్తిన మూడు కిస్తీలున్నాయి. టీవీది నాలుగోది.

ఇక నో కాస్ట్ సంగతి. షాపులో ఒక్క ప్రశ్న అడగండి: ‘మొత్తం డబ్బు ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?’ అని. మీరు అడిగారు కూడా, 38,500 అన్నారట. ఆ 3,500 తేడాయే వడ్డీ. దానికి తోడు 599 ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 707. ఈ రెండూ లెక్కలోకి తెస్తే ఈ వడ్డీ లేని అప్పు మీకు ఏడాదికి దాదాపు 20 శాతం పడుతోంది. కార్డు మీద ఈఎంఐ పెడితే వడ్డీ భాగం మీద జీఎస్టీ కూడా స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, కార్డు ఈఎంఐలలో వడ్డీని తరచూ ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి కస్టమర్ దగ్గరే వసూలు చేస్తున్నారని అందులో చెప్పింది. అప్పటి నుంచి బోర్డు మీద పేరు మారింది, అంతే.

సౌండ్‌బార్‌కి కార్డు గీకి, మినిమమ్ డ్యూ (బిల్లులో చూపే కనీస మొత్తం) కడుతూ పోతానని ఎంత తేలిగ్గా రాశారో! కార్డు బాకీ మీద వడ్డీ సాధారణంగా నెలకు మూడున్నర శాతం అటూఇటూ ఉంటుంది. మీ వీధిలో వడ్డీవ్యాపారి అడిగే మూడు రూపాయల వడ్డీ కంటే అది ఎక్కువ. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న పప్పు, ఉప్పుకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మినిమమ్ కట్టి నెట్టుకొద్దామనుకునేవాళ్లు కార్డు వాడకూడదు. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ఇప్పుడు పాత టీవీ దగ్గరికి వద్దాం. వెనక ఎన్ని హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులున్నాయో (బొమ్మ, శబ్దం ఒకే వైరులో వచ్చే రంధ్రాలు) చూడండి. మీ తరం 32 అంగుళాల టీవీలకు మామూలుగా రెండు ఉంటాయి. ఒకదానికి స్ట్రీమింగ్ స్టిక్, అంటే ఓటీటీని నెట్ ద్వారా మామూలు టీవీలో చూపించే చిన్న పరికరం. 4కే మోడల్ కొనకండి. మీ టీవీ హెచ్‌డీ రెడీ, 1366 బై 768 పిక్సెళ్లు. దానికి 4కే స్టిక్ తగిలించినా కనిపించేది ఆ పిక్సెళ్లలోనే. మూడు వేల అటూఇటూ దొరికే మామూలు హెచ్‌డీ స్టిక్ చాలు. టీవీ వెనక యూఎస్‌బీ ఉంది కదా అని స్టిక్‌కి కరెంటు అక్కణ్నుంచి ఇవ్వకండి. పాత టీవీల యూఎస్‌బీ ఇచ్చే కరెంటు దానికి సరిపోదు, సినిమా మధ్యలో దానంతట అదే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. డబ్బాలో ఇచ్చిన అడాప్టర్‌ని గోడ ప్లగ్గులో పెట్టండి. రెండు గోడల అవతల రౌటర్ ఉంటే దాన్ని టీవీ ఉన్న గదికి దగ్గరగా మార్చండి, కొత్త రౌటర్ అక్కర్లేదు.

రెండో పోర్టు బాబు కంప్యూటర్‌కి. సీపీయూ వెనక హెచ్‌డీఎమ్‌ఐ ఉంటే రెండు మూడు వందల కేబుల్‌తో పని అయిపోతుంది. పాతది కావడంతో నీలం రంగు వీజీఏ ఒక్కటే ఉంటే, ముందు టీవీ వెనక కూడా వీజీఏ ఉందేమో చూడండి, ఆ కాలం టీవీలు చాలావాటికి ఉండేది. లేకపోతే కన్వర్టర్ కొనాలి. వీజీఏలో బొమ్మే వస్తుంది, మాట రాదు. శబ్దానికి విడిగా ఆడియో వైరు కావాలి, లేదంటే పిల్లాడు హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. తెర అంచుల్లో టాస్క్‌బార్ తెగిపోయినట్టు కనిపిస్తే టీవీ చెడిపోయిందని కంగారు పడకండి. పిక్చర్ సైజు సెట్టింగ్‌లో జస్ట్ స్కాన్ అనో, 1:1 అనో ఉంటుంది, అది పెట్టమనండి. అయితే రోజూ గంటల తరబడి చదవాల్సిన పిల్లాడికి ఈ టీవీ మీద అక్షరాలు కాస్త మసగ్గా ఉంటాయి. వచ్చే ఏడాది చేతిలో డబ్బు పెట్టుకొని సెకండ్‌హ్యాండ్ మానిటర్ కొనివ్వండి. నిజంగా కొనాల్సిన తెర ఏదైనా ఉంటే అది వాడిదే.

నాన్నగారి యాంటెన్నా ఆశ మాత్రం తీరదు. దూరదర్శన్ పాత అనలాగ్ టవర్లను దశలవారీగా మూసేసింది. వెదురు గడకి చేపముల్లు యాంటెన్నా కట్టి ఎటు తిప్పినా తెర మీద వచ్చేది ఇసక చల్లినట్టు చుక్కలే. ఆయనకి కావాల్సింది డీడీ ఫ్రీ డిష్. చిన్న గొడుగు, బాక్సు, బిగింపు కలిపి పదిహేను వందల నుంచి రెండు వేల లోపు, ఒక్కసారే. తర్వాత నెలవారీ కట్టేది ఏమీ లేదు. డీడీ యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. సీరియళ్ల కోసమైతే ఏ చానెళ్లు వస్తున్నాయో ముందే కనుక్కోండి, అన్నీ ఉండవు. ఆ బాక్సుకి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు మిగల్లేదే అంటారు. ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో ఏవీ (AV) పోర్టుకి పెట్టేయండి, వార్తలకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. కేబుల్‌కి నెలకు 350 కడుతున్నానని రాశారు. అది ఆపేస్తే డిష్ ఖర్చు ఆరు నెలల్లోపే తిరిగొస్తుంది. అయినా డిష్ ఈ నెల వద్దు, రెండు మూడు నెలలాగి పెట్టించండి.

ఈ నెల ఖర్చు స్టిక్, కేబుల్ కలిపి 3,500 దాటదు. బ్యాంకులో 7,500 మిగులుతుంది. నేను అసలు మాట్లాడాలనుకున్నది ఈ 7,500 గురించి.

నిరుడు వానాకాలంలో నాన్నగారికి డెంగీ వచ్చి 40,000 ఖర్చయిందని రాశారు. చేతిలో లేక మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 1,200 చొప్పున పది నెలల్లో 12,000 వడ్డీ కట్టారు. అసలు తీర్చడానికి 50,000 చిట్టీని 10,000 తగ్గించి పాడుకున్నారు. డివిడెండ్ రూపంలో కొంత వెనక్కి వచ్చినా, 40,000 జ్వరం మీకు 55,000 పైనే పడింది. ఆ ఎక్కువ పడిన డబ్బు ఆసుపత్రికి పోలేదు, డాక్టరుకి పోలేదు, మందులకి పోలేదు. బీరువాలో నెలన్నర ఖర్చుకి సరిపడా డబ్బు లేకపోవడానికి కట్టిన జరిమానా అది. ఇంత జరిగి ఏడాది తిరక్కుండానే నిల్వ 11,000 పెట్టుకొని 50,000 సరుకు కొంటానంటున్నారు. మళ్లీ వానాకాలం రాదా?

అత్యవసర నిధి అనగానే ఆరు నెలల ఖర్చు అని అందరూ చెబుతారు. మీ విషయంలో అది 1,87,200. ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇల్లు కాబట్టి మీకు అంతా కావాలి, నేను తగ్గించి చెప్పను. కానీ ఆ అంకె చూసి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ, అందుకని ముందు ఒక్క నెల ఖర్చు చూడండి. నెలకు మిగిలే 2,800 జీతం పడ్డ రోజే పక్కకి తీయండి. ఫోన్ ఈఎంఐ ఇంకా నాలుగు నెలలే కదా, అప్పటికి 18,700 అవుతుంది. ఆ తర్వాత ఫోన్‌కి కట్టే 1,900 కూడా కలిపి నెలకు 4,700. ఏడో నెల చివరికి 32,800. ఒక నెల నిధి వచ్చేసింది. డిష్ ఖర్చు, కేబుల్ మిగులు ఈ లెక్కలో ఒకదానికొకటి చెల్లు. కుట్టుపని డబ్బులు నేను అసలు కలపలేదు. శ్రావణంలో వచ్చినవాటిలో సగం ఇందులో వేసినా రెండు మూడు నెలలు ముందే చేరతారు. చిట్టీ అయిపోయాక ఆ 2,000, తర్వాత బండిది అయిపోయాక ఆ 3,300, అన్నీ ఇటే రావాలి. అంతవరకూ కొత్త చిట్టీ వద్దు, కొత్త కిస్తీ వద్దు, బంధువులకి అప్పు హామీ సంతకాలూ వద్దు.

ఈ డబ్బు జీతం ఖాతాలో ఉంచకండి. ఫోన్‌లో యూపీఐకి కలపని వేరే పొదుపు ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు ఆవిడ దగ్గర పెట్టండి. 50,000 దాటాక కొంత, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లోకి మార్చుకోవచ్చు, ఇప్పుడు ఆ చర్చ అనవసరం. సిప్‌లు, బంగారం పథకాలు, రియల్ ఎస్టేట్ వాయిదాలు కూడా రాశారు. ఆరు నెలల నిధి అయ్యాక రాయండి, అప్పుడు చెబుతాను.

ఆరోగ్య బీమాని మాత్రం వాయిదా వేయొద్దు. మీ ముగ్గురికి కలిపి ఒకే పాలసీ (ఫ్లోటర్), నాన్నగారికి విడిగా ఒక పాలసీ కొటేషన్లు తెప్పించుకోండి. 2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని షాపువాడు మీకు చెప్పే ఉంటాడు. అదే రోజు వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం కాస్తా సున్నా అయింది, అది ఎవరూ ఫ్లెక్సీ కట్టి చెప్పలేదు. రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, కానీ జాబితాలో లేని వైద్యానికి, బయట పరీక్షలకి, ఆటో చార్జీలకి ఖర్చయ్యేది చేతి డబ్బే.

ఈ ఏడు నెలల్లోపే ఏదైనా ముంచుకొస్తే లోన్ యాప్ జోలికి వెళ్లకండి. ఫోన్‌లో రెండు యాప్‌లు ఉన్నాయని రాశారు, ఈ రోజే తీసేయండి. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు దాడులు చేసినప్పుడు వాటి కాల్ సెంటర్ల నుంచి బాకీదారులను ఎలా బెదిరించేవారో బయటపడింది. మరీ తప్పకపోతే ఆవిడ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టడం మూడు రూపాయల వడ్డీ కంటే చాలా చవక. అదీ ఆవిడ ఒప్పుకుంటేనే.

ఇంకొక్క మాట. ఫోన్ చివరి కిస్తీ కట్టిన వారంలోపే మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ సిద్ధంగా ఉందని మెసేజ్ వస్తుంది, ఫోనూ వస్తుంది. సక్రమంగా కట్టే మనిషి అని తేలింది కాబట్టి మిమ్మల్ని వదలరు. ఆ మెసేజ్ వచ్చేలోపే బ్యాంకుకి వెళ్లి, 1,900 ప్రతి నెలా జీతం ఖాతా నుంచి కొత్త ఖాతాకి దానంతట అదే మారేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసిచ్చి రండి.