బందరు రోడ్డు మూసే ముందు

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు. మన విజయవాడ బందరు రోడ్డు మీద ఆదివారం పొద్దున 10కె రన్ (పది కిలోమీటర్ల పరుగు) పెడుతున్నామని, అంబులెన్సుల సంగతి ఓసారి చూడమని మీ అమ్మ చేత చెప్పించావు. నువ్వే ఫోన్ చేసుంటే బాగుండేది, సర్లే. 108లో పైలట్‌గా, అంటే అంబులెన్సు డ్రైవరుగా, చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

నువ్వు పంపిన ప్లాన్‌లో రెండు అంబులెన్సులున్నాయి, ఫస్ట్ ఎయిడ్ టెంట్ ఉంది. అన్నీ పరిగెత్తేవాళ్ళకే. ఆ పొద్దున గుండెనొప్పి కృష్ణలంకలో అప్పుడే లేచి పళ్ళు తోముకుంటున్న పెద్దాయనకి రావచ్చు. ఆయనకి మీ రన్ సంగతే తెలీదు.

అమెరికాలో డాక్టర్లు దీన్ని లెక్క కట్టారు. 2002 నుంచి 2012 దాకా 11 నగరాల్లో మారథాన్ రోజుల్ని మామూలు రోజులతో పోల్చారు. మధ్యాహ్నం లోపు పేషెంటుని ఎక్కించుకున్న అంబులెన్సు ఆసుపత్రి చేరడానికి మామూలు రోజున సగటున 13.7 నిమిషాలు పడితే, మారథాన్ రోజున 18.1 పట్టింది. గుండెపోటుతోనో, గుండె ఆగిపోయో చేరిన పెద్దవయసువాళ్ళలో నెలలోపు పోయినవాళ్ళు నూటికి 24.9 నుంచి 28.2కి పెరిగారు. సాయంత్రం వేళ మాత్రం బండ్లకి ఆ ఆలస్యం కనపడలేదు. నాలుగు నిమిషాలేగా అనకు.

మన ఊరి సంగతి ఇంకా ఇరుకు. కృష్ణలంక, రాణిగారితోట వాళ్ళు సూర్యారావుపేట ఆసుపత్రులకి రావాలంటే ముందు బందరు కాలవ దాటాలి, ఆ తర్వాత బందరు రోడ్డు దాటాలి. పోలీసు కంట్రోల్ రూమ్ నుంచి బెంజి సర్కిల్ దాకా నువ్వు కట్టేస్తే, వాళ్ళకి ముఖ్యంగా మిగిలేది హైవేనే. స్క్రూ బ్రిడ్జి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కితే బందరు రోడ్డు కింద ఉండిపోతుంది, రామవరప్పాడు వైపు కొత్త గవర్నమెంటు ఆసుపత్రికి పోవచ్చు. ఈ దారి, రోడ్డు మూసే టైము, తెరిచే టైము, మధ్యలో దాటే చోట్లు ఒక కాగితం మీద రాసి 108 వాళ్ళకి ముందే ఇవ్వు.

దాటే చోట్లు రెండైనా పెట్టు. బండి వస్తే రన్నర్లే ఆగాలి. చిప్ టైం (ఒంటి మీది చిప్ లెక్కేసే పరుగు టైము) పోయిందని గొడవ చేస్తారు, చెయ్యనీ. అక్కడ మాత్రం ఇనప బారికేడ్లు వద్దు, తాడు చాలు. ఒక మ్యాచ్ రోజున మా బండి ముందు బారికేడ్లని ఒకదానికొకటి బైండింగ్ వైరుతో బిగించేశారు. సైరన్ మోగుతూనే ఉంది, కానిస్టేబుల్ పాపం గోళ్ళతో వైరు మెలిక విప్పుతున్నాడు. పక్క సందు ఎటు పోతుందని అడిగితే బందోబస్తుకి వేరే ఊరి నుంచి వచ్చా, తెలీదన్నాడు. అందుకే ప్రతి చోటా ఆ పేటలో పుట్టి పెరిగిన వలంటీరు ఒకడుండాలి.

ఇంకోటి. మనవాళ్ళు చాలామంది 108 కోసం ఆగరు. ఆటోలోనో, టూ వీలర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకునో తెచ్చేస్తారు. వాటికి సైరన్ ఉండదు. అంబులెన్సుకి దారివ్వకపోతే 10,000 జరిమానా అని చట్టంలో ఉంది గానీ, ఆటో గురించి ఎవరూ రాయలేదు. ఆటోలో మనిషి ఒరిగిపోయి కనపడితే ప్రశ్నలేమీ వెయ్యకుండా తాడు ఎత్తెయ్యమని వలంటీర్లకి చెప్పు.

మీ రన్నర్లకి ప్రైవేటు అంబులెన్సులు మాట్లాడుకో. 108 బండిని తెచ్చి స్టార్టింగ్ పాయింటు దగ్గర నిలబెడితే, అది రావాల్సిన పేటకి ఆ పూట బండి లేనట్టే. వేడికి ఎవరైనా పడిపోయి ఒళ్ళు కాలిపోతుంటే ముందు ఐసు నీళ్ళతో చల్లబరిచి ఆ తర్వాత ఎక్కించండి. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం, వలంటీర్లందరికీ నేర్పించు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు.

చీఫ్ గెస్టు సంగతి కూడా చెప్పాలి. ఆయన వస్తే గానీ జెండా ఊపకపోవడం మనకి అలవాటు. ఆయన రాకపోయినా 5:30కి మొదలెట్టెయ్. 8కి రోడ్డు తెరుస్తామని రాసిచ్చి 9:30 చేస్తే, నీ కాగితాన్ని నమ్ముకున్న పైలట్ పేషెంటుతో సహా ఇరుక్కుంటాడు.

రూట్ మ్యాపు పట్టుకుని ఇంటికి రా, బండి మీద ఓ రౌండు తిరిగి చూసొద్దాం. పోలీసు పర్మిషన్‌కి పెట్టకముందే రా. ఒకసారి సంతకాలయ్యాక రూటు మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇట్లు,
మామయ్య