జయనగర్‌లో పాత ఇల్లు కొనాలా, ఫ్లాట్ కొనాలా?

విజయవాడలో స్థలం అమ్మిన డబ్బుతో బెంగళూరు జయనగర్‌లో పాత ఇండిపెండెంట్ ఇల్లు కొనాలా, అక్కడే ఫ్లాట్ తీసుకోవాలా అని మీరు అడిగారు. నేనుండేది నాలుగో బ్లాక్ దగ్గర. ముందు అద్దెకు వచ్చాం, తర్వాత అదే వీధిలో కొనుక్కున్నాం. నన్నడిగితే, మీకు నచ్చిన ఇంటి సంగతి తర్వాత, ముందు దాని అటూ ఇటూ ఉన్న ఇళ్లను చూసి రండి.

జయనగర్ వీధుల్లో మీరు చూసి ముచ్చటపడే చెట్ల నీడ చాలావరకు మీరు కొనే సైటులోది కాదండీ. వీధి చెట్లు కార్పొరేషన్‌వి, మిగతావి పక్కవాళ్ల పెరట్లోని మామిడి, పనస. పక్కింట్లో పెద్దవాళ్లిద్దరే ఉండి, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారంటే ఆ 40×60 అడుగుల సైటు ఏదో ఒకరోజు బిల్డర్ చేతికి పోతుంది. ఇక ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ మోత, సిమెంటు దుమ్ము. అంతా అయ్యాక మీ వంటింటి కిటికీకి ఎదురుగా గోడ. మా తూర్పు వైపు జరిగింది ఇదే. సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి, నిజమే. కానీ ఆ చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండకండి, అనుమతులు వస్తూనే ఉంటాయి.

చెట్ల కింద కాపురానికి ఖర్చు కూడా ఉంది. మా డాబా మీద నిద్రగన్నేరు కొమ్మలు పరుచుకుని సోలార్ హీటర్‌లో నీళ్లు గోరువెచ్చగా కూడా అవ్వవు, చివరికి గీజరే దిక్కు. మేలో వాన పడే ముందు డాబా మీద తూములు శుభ్రం చేయించాల్సిందే. రాలిన ఆకు, పసుపు తురాయి పూలు కలిసి ముద్దలా అడ్డం పడితే నీళ్లన్నీ నిలిచిపోయి స్లాబు చెమ్మెక్కుతుంది. పాత ఇళ్లలో వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి దూరతాయి, కాబట్టి డ్రైనేజీ చాంబర్ (పైపులు కలిసే గుంట) మూత తీయించి చూడండి. వీధిలో నిలిపిన కారు మీద కొమ్మలు విరిగి పడొచ్చు, కాబట్టి దానికి కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్స్ చేయించుకోవాల్సిందే. ఇంతా చెప్పి, నేను ఇక్కడి నుంచి కదలను, అది వేరే సంగతి.

అసలు టెన్షన్ కాగితాల దగ్గర. ఇక్కడి పాత సైట్లు చాలావరకు బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) రాకముందు ఉన్న సీఐటీబీ (సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు) ఇచ్చినవి. అలాట్‌మెంట్ లెటర్, స్థలం అప్పగించినట్టు పొజెషన్ సర్టిఫికెట్, పూర్తి హక్కు రాసిచ్చే అబ్సల్యూట్ సేల్ డీడ్ వరుసగా ఉన్నాయో లేదో చూసుకోండి. సైటు తీసుకున్న పెద్దాయన ఇప్పుడు ఉండరు. పెద్ద కొడుకు తన పేరున ఉన్న ఖాతా చూపించి అంతా నాదే అంటాడు. ఖాతా అంటే కార్పొరేషన్ ఆస్తి పన్ను కోసం రాసుకునే లెక్క, హక్కు పత్రం కాదు. తండ్రి విల్లు రాయకుండా పోతే స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. కాబట్టి వంశవృక్షం తెప్పించి, పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లలతో సహా అందరి సంతకాలు ఉంటేనే అడ్వాన్స్ ఇవ్వండి. ‘చెల్లెలికి చెప్పాంలెండి, తను కాదనదు’ అనే మాటకు డబ్బివ్వకూడదు. ఈ-ఖాతా (ఆన్‌లైన్‌లో ఇచ్చే ఖాతా) లేకపోతే ఇప్పుడు రిజిస్ట్రేషనే జరగదు.

అమ్మేవాళ్లలో ఒకరు ఎన్నారై అయితే మనకు అలవాటైన 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఆయన వాటాకు వర్తించదు. కోయాల్సింది చాలా ఎక్కువ, అది కోసి కట్టే బాధ్యత కొనేవాళ్లదే. ముందే సీఏతో మాట్లాడండి.

ఫ్లాట్ అయితే లోపలి టైల్స్ కాదు, యూడీఎస్ (కింది స్థలంలో ఆ ఫ్లాట్‌కు వచ్చే విడదీయని వాటా) చూడండి. ఇక్కడ మీరు డబ్బు పెట్టేది మట్టికి. నాలుగిళ్ల పాత అపార్ట్‌మెంట్‌లో వచ్చే స్థలం వాటా, కొత్త పెద్ద బిల్డింగులో రాదు. కావేరి నీటి కనెక్షన్ ఎన్ని ఇళ్లకు ఉందో కూడా అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు ట్యాంకర్ల కోసం జనం పడ్డ పాట్లు చూశాం.

బడ్జెట్‌లో రిజిస్ట్రేషన్ ఖర్చు మర్చిపోవద్దు. ఇక్కడి ఇళ్ల ధరలకు స్టాంప్ డ్యూటీ, సెస్, సర్‌చార్జి కలిపి 5.6 శాతం. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం అయింది. మీ అబ్బాయి ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ అన్నారు కాబట్టి ఆర్.వి. రోడ్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో వెతకండి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వెళ్లే మెట్రో ఎల్లో లైన్ అక్కడే మొదలవుతుంది.

మీరు చూసిన ఇల్లు ఏ బ్లాకులోనో రాయలేదు. ఐదో బ్లాక్ రాఘవేంద్రస్వామి మఠం పక్క వీధుల్లో అయితే మాత్రం గురువారం సాయంత్రం ఒకసారి కారులో వెళ్లి, మీ గేటు ముందు చోటు దొరుకుతుందేమో చూడండి.