పాత సర్వర్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మాది మిర్చి అడ్తి. లెక్కలన్నీ 2012 నాటి డెల్ ఆర్720 సర్వర్‌లోనే. రెండు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు (పీసీఐఈ స్లాట్ ద్వారా నడిచే వేగమైన రకం) పట్టే కార్డు కొని పెట్టాం. విండోస్‌లో ఒక్కటే కనబడుతోంది, దాని నుంచి బూట్ కూడా కావడం లేదు. కార్డు పోయిందంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కార్డు బాగానే ఉండి ఉంటుంది. అలాంటి కార్డులో రెండోది కనబడాలంటే స్లాట్‌లోని 8 లేన్లను (డేటా దారులను) బయోస్, అంటే సర్వర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్, నాలుగేసి చొప్పున విడగొట్టాలి. దీన్నే బైఫర్కేషన్ అంటారు. ఒక్కటే కనబడుతోందంటే మీ సర్వర్‌లో అది జరగడం లేదన్నమాట. ఒక్కో ఎస్‌ఎస్‌డీ పట్టే మామూలు అడాప్టర్లు రెండు కొని వేర్వేరు స్లాట్లలో పెట్టండి. రెండో ప్రాసెసర్ సాకెట్ ఖాళీగా ఉంటే దానికి చెందిన స్లాట్లు పనిచేయవు, చూసుకోండి.

ఇక బూట్ సంగతి. ఎన్‌వీఎంఈ తొలి ప్రమాణం వచ్చిందే 2011లో. మీ సర్వర్ ఫర్మ్‌వేర్‌లో (బయోస్‌లో) దాని డ్రైవర్ లేదు. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి ఆ డ్రైవర్ విండోస్‌లోనే ఉంది కనుక, లోపలికి వెళ్లాక కనబడుతుంది. పెన్‌డ్రైవ్‌లో క్లోవర్ బూట్‌లోడర్ (విండోస్‌ను మొదలుపెట్టించే చిన్న ప్రోగ్రామ్) పెట్టి బూట్ చేయించే దారి ఉంది గానీ, లెక్కల సర్వర్‌కు మేం చెప్పం. ఆ పెన్‌డ్రైవ్ పోయిన రోజు సీజన్‌లో కాంటా అయిన సరుకుకు పట్టీ కొట్టలేరు. ఉన్న రెయిడ్ కార్డు (డిస్కులను జతచేసి నడిపేది) మీద రెండు సాటా ఎస్‌ఎస్‌డీలను (హార్డ్‌డిస్క్‌లాగే తగిలించే రకం) రెయిడ్ 1, అంటే రెండింటిలో ఒకే డేటా ఉండేలా చేసి విండోస్‌ను అక్కడే ఉంచండి. ఎన్‌వీఎంఈ రెండింటినీ విండోస్‌లోని స్టోరేజ్ స్పేసెస్‌లో అలాగే జంట నకళ్లుగా (మిర్రర్) చేసి డేటాబేస్‌ను అక్కడికి మార్చండి. ముందు బ్యాకప్, తర్వాత డేటాబేస్ సర్వీస్ ఆపి కాపీ. కొత్త డ్రైవ్‌కు పాత డ్రైవ్ అక్షరమే (డి:, ఇ: లాంటిది) ఇస్తే సాఫ్ట్‌వేర్‌లో దారి మార్చే పని ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, స్పెసిఫికేషన్‌లో ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ ఉన్న ఎస్‌ఎస్‌డీలే కొనండి. ప్రతి ఎంట్రీకీ డేటాబేస్ ‘భద్రంగా చేరిందా’ అని అడుగుతుంది. కరెంటు పోయినా రాతను పూర్తిచేసే కెపాసిటర్లు ఉన్న డ్రైవ్ వెంటనే ‘చేరింది’ అనగలదు. అవి లేని ల్యాప్‌టాప్ రకం అక్కడే నెమ్మదిస్తుంది. కెపాసిటర్లున్న డ్రైవ్‌లు తరచూ 110 మిల్లీమీటర్ల పొడవుంటాయి, అడాప్టర్‌లో ఆ కొలతకు స్క్రూ రంధ్రం ఉండాలి.

కొత్త కార్డు పెట్టాక ఫ్యాన్ల మోత పెరగవచ్చు. వేరే కంపెనీ కార్డు వేడిని సర్వర్ కొలవలేక గాలి పెంచుతుంది. ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి అదుపుచేసే పద్ధతి) కమాండ్‌తో తగ్గించవచ్చు, కానీ మన మే నెల ఎండల్లో వద్దు.

ప్రశ్న: అడాప్టర్‌లో పెట్టిన ఎం.2 ఎస్‌ఎస్‌డీ (సన్నని పట్టీ ఆకారంది) అసలే కనబడటం లేదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొనలో రెండు గాట్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది చాలావరకు సాటా రకం, పీసీఐఈ అడాప్టర్‌లో పలకదు. ఎం.2 సాటాను 2.5 అంగుళాలకు మార్చే కేసులో బిగించి, హార్డ్‌డిస్క్ ట్రేలో పెట్టుకోండి.