పార్థెనాన్ శిల్పాలకు లింకు డాక్యుమెంట్లు ఏవి?

గ్రీసులోని ఏథెన్స్‌లో కొండ మీద ఉన్న ప్రాచీన గుడి పార్థెనాన్. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న దాని శిల్పాలను గ్రీసుకు తిరిగి ఇవ్వాలా, బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు వాటిని అనుమతితోనే తీసుకువెళ్లాడు కదా అని అడిగారు. ఇవ్వాలి. ఇక అనుమతి అంటారా, ముప్పై ఏళ్లు గుంటూరులో దస్తావేజులు రాసినవాణ్ని, ఆ మాట వింటే ఊరుకోలేను.

ఏథెన్స్ అప్పట్లో తుర్కుల ఏలుబడిలో ఉండేది. ఎల్గిన్ మనుషులు 1801లో శిల్పాలు ఊడదీయడం మొదలుపెట్టారు. సుల్తాను కొలువు నుంచి ఫర్మానా వచ్చిందన్నారు. దాని అసలు ప్రతి చూపించినవాడు లేడు. మిగిలింది ఇటాలియన్ అనువాదం. అందులోనూ కొన్ని రాతిముక్కలు పట్టుకుపోతే అడ్డుపెట్టవద్దని ఉంది తప్ప, గోడ మీది బొమ్మలను రంపంతో కోసుకుపొమ్మని లేదు. మా దగ్గర రెండు సెంట్ల స్థలం కొనేవాడు కూడా లింకు డాక్యుమెంట్లు చూపిస్తే గానీ బయానా ఇవ్వడు. 1816లో బ్రిటిష్ పార్లమెంటు వీటిని 35,000 పౌండ్లకు కొన్నది. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి ఎలా వస్తుంది?

2019 వేసవిలో మా అమ్మాయి మమ్మల్ని లండన్ పిలిపించుకుంది. మ్యూజియంలో చంద్రదేవత రథానికి కట్టిన గుర్రం తల ఒకటి ఉంది. నోరు తెరుచుకుని, దవడ పీఠం అంచు మీదుగా కిందికి వాలిపోయి ఉంటుంది. "పాపం, రాత్రంతా బండి లాగిన ఎద్దులా ఉందండీ" అన్నది మా ఆవిడ. ఆ మాటే శిల్పి ఉద్దేశం, తెల్లవారుజామున చంద్రుడి బండి దిగిపోతున్న వేళ అది. ఆ చంద్రదేవత మొండెం మాత్రం ఏథెన్స్‌లో ఉంది.

నాలుగు రోజులకు అక్కడికీ వెళ్లాం. ఆక్రోపోలిస్ కొండ మీది పాలరాయి అరిగి అద్దంలా నున్నగా ఉంటుంది, మా వయసువాళ్లు చెప్పులతో ఎక్కవద్దు. నీడ కూడా లేదు. కింద 2009లో తెరిచిన మ్యూజియం మాత్రం హాయిగా ఉంది. పై అంతస్తు చుట్టూ అద్దాలు, ఎదురుగా కొండ మీద గుడి. ఏ బొమ్మ గుడికి ఏ దిక్కున ఉండేదో ఇక్కడా అదే దిక్కున పెట్టారు. అసలు రాళ్లు తేనె రంగులో ఉన్నాయి. లండన్‌లో ఉండిపోయిన వాటి చోట ప్లాస్టర్ నకళ్లు, తెల్లగా. "పండగకు సున్నం వేస్తూ సగంలో పని మానేసినట్లుంది" అన్నది ఆవిడ.

సముద్రదేవుడు పొసైడన్ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఛాతీ, పొట్ట అసలు రాయి. భుజాలు ప్లాస్టర్. అసలు భుజాలు లండన్‌లో ఉన్నాయి. నా జీవితంలో ఎన్నో భాగపంపిణీ దస్తావేజులు రాశాను. అన్నదమ్ములకు ఒకే బావిని చెరిసగం రాశాను, వేపచెట్టుకు కూడా వాటాలు రాశాను. ఒక మనిషి ఒంటిని పంచడం మాత్రం అక్కడే చూశాను.

లండన్‌లో ఉన్నందుకే భద్రంగా ఉన్నాయంటారు. 1687లో వెనిస్ సైన్యం ప్రయోగించిన గుండు పడి, గుడిలో తుర్కులు దాచిన మందుగుండు పేలింది, కాదనను. మరి 1930లలో బొమ్మలు తెల్లగా కనబడాలని రాగి పనిముట్లతో గీకించింది ఎవరు? లండన్ వాళ్లే. బ్రిటిష్ మ్యూజియం మీద 1963లో చేసిన చట్టం ప్రకారం ఇవ్వడం కుదరదనే సాకు ఇంకొకటి. చట్టం చేసిన పార్లమెంటు దాన్ని మార్చలేదా? వాటికన్ 2023లో తన దగ్గరి మూడు ముక్కలను గ్రీసుకు పంపేసింది, ఆకాశమేమీ ఊడిపడలేదు.

అన్నట్టు, అదే లండన్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్లు నూటికి పైగా ఉన్నాయి. మా గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఊరి రాళ్లను చూడడానికి నేను విమానం ఎక్కాను. స్తూపం రాళ్లను మనవాళ్లే సున్నానికి కాల్చుకున్నారన్నది నిజమే, సిగ్గుపడతాను. అయితే అమరావతి శిల్పాలు లండన్‌లోనే కాదు, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ బోలెడు ఉన్నాయి. వాటి గురించి మనలో ఎంతమంది అడిగారు? నేనూ అడగలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడే "చెన్నై రైలుకు టికెట్లు చూడండి" అన్నది. ఇంతవరకు చూడలేదు.