సన్మానం సరే, పారితోషికం మాటేమిటి?

కళలు, కళాకారులు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము చందానగర్‌లో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాము. సురభి నాటక కళాకారుల కుటుంబాలు ఉండే లింగంపల్లిలోని సురభి కాలనీ మాకు దగ్గరే. ఈ దసరాకు అక్కడి పెద్దలను ఇద్దరు ముగ్గురిని పిలిచి శాలువాలు కప్పి, జ్ఞాపికలు ఇచ్చి సన్మానించాలని మా సంక్షేమ సంఘంలో తీర్మానించుకున్నాము. నిజంగా వారికి ఉపయోగపడాలంటే ఇంకేమి చేయవచ్చు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: సన్మానం మానుకోమని చెప్పను గాని, ఆ డబ్బుకు మరికొంత చేర్చి వారిచేత నాటకమే ఆడించండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి పూనికతో ‘కీచకవధ’ ప్రదర్శనగా మొదలైన ఈ కుటుంబాల నాటకరంగానికి శాలువాల కొరత ఎన్నడూ లేదు. మగవారే ఆడవేషాలు కడుతున్న కాలంలో తమ ఇంటి స్త్రీలను రంగస్థలం ఎక్కించిన ఘనత వారిది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ కుటుంబాల ఆడపడుచే. సురభివారి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపించిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అంటే అందరూ బాబ్జీ అని పిలుచుకున్న పెద్దాయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. గౌరవానికి లోటు లేని ఈ కళాకారులకు లోటైనది ఆటలే.

ఆట ఎందుకు ముఖ్యమో సురభివారి ‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడి భోజనం చూస్తే తెలుస్తుంది. పళ్లెంలోని లడ్డూలు ఒక్కొక్కటే ఎగిరివచ్చి నటుడి నోట పడుతుంటే ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. అయితే ఆ లడ్డూ సరిగ్గా నోటికే చేరాలంటే తెరచాటున దారం పట్టుకున్న మనిషి నటుడి కదలికనూ, హార్మోనియం వరుసనూ ఒకేసారి గమనిస్తూ సరైన క్షణంలో లాగాలి. నారదుడు మబ్బుల్లోంచి దిగడానికీ, రెండు బాణాలు గాలిలో ఢీకొనడానికీ ఇదే ఒడుపు కావాలి. దీనికి పాఠ్యపుస్తకం లేదు. పిల్లలు సైడువింగుల పక్కన నిలబడి, పెద్దలు చేస్తుంటే చూసి, చిన్న పనులతో మొదలుపెట్టి నేర్చుకోవలసిందే. అందువల్ల ఆటలు తగ్గితే ఆదాయంతోపాటు తరువాతి తరానికి అందవలసిన శిక్షణ కూడా తగ్గుతుంది. ఎన్ని సన్మానాలు చేసినా ఆ నష్టం పూడదు.

ముందుగా నాటక సమాజం వారిని మీ ఆవరణకు పిలిచి స్థలం చూపించండి. చుట్టలుగా చుట్టి పైకి లేపే చిత్రించిన తెరలకూ, మనుషులను గాలిలో తేల్చే తాళ్లకూ వేదిక ఎత్తు బాగా ఉండాలి. అపార్టుమెంటు కమ్యూనిటీ హాలు కప్పు చాలా సందర్భాల్లో చాలదు. ఆరుబయట వేదిక కట్టించే వీలుంటే మేలు, లేకపోతే నగరంలో ఏదైనా హాలులో వారి ప్రదర్శన ఉన్న రోజున టిక్కెట్లు ఒక్కసారిగా కొని ఇంటిల్లిపాదీ వెళ్లండి. బయట వేయిస్తే రాత్రి 10 తరువాత మైకు వాడరాదన్న నిబంధన ఉంది కాబట్టి ఆట సాయంత్రం ఆరింటికే మొదలయ్యేలా చూడండి. మరొక్క మాట. మీ వాళ్లందరికీ ఉచితంగా చూపించకండి, ఎంతో కొంత టిక్కెట్టు పెట్టండి. నాటక ప్రదర్శనకు మనిషికి రూ. 500 మించని టిక్కెట్టుపై జీఎస్టీ లేదు.

ప్రశ్న: నేను కర్ణాటక సంగీతం పాడతాను. ఒక సాంస్కృతిక సంస్థవారు కచేరీకి అవకాశం ఇస్తామంటూ పారితోషికం ఉండదన్నారు, పైగా హాలు అద్దెలో కొంత నన్నే భరించమన్నారు. పేరు వస్తుందని మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోమంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక గాయని, సికింద్రాబాదు

జవాబు: ఒప్పుకోవద్దు. మన సభల ఆహ్వానపత్రికల అడుగున ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అని అచ్చువేయడం మర్యాదగా స్థిరపడిపోయింది. హాలు అద్దె, మైకు, పూలదండలు, ముఖ్య అతిథిగారి కారు ఖర్చు ఎవరో ఒకరు భరించవలసిందే కదా. ఆ మర్యాద ఖరీదు చివరకు పాడేవారి మీదనే పడుతోంది. వేదిక మీద అరడజను మంది వక్తలు ప్రసంగించాక మిగిలిన అరగంటలో పాడమనడం ఇంకొక అన్యాయం. మీ ఒక్కరి సంగతి వదిలిపెట్టినా, మీ వెంట వచ్చే వయొలిన్, మృదంగ విద్వాంసులకు ఆ సాయంత్రమే జీవనం. వారికివ్వవలసింది మీ చేతి నుంచి ఇచ్చుకుంటూ పోతే ఎన్నాళ్లు పాడగలరు?

తొలినాళ్లలో తక్కువ మొత్తానికి పాడటంలో తప్పు లేదు, కాని ఆ మొత్తమెంతో, పక్కవాయిద్యాలవారికి ఎవరిస్తారో, కచేరీ నిడివి ఎంతో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. వాట్సాప్ సందేశమైనా సరే, ఏమీ లేకపోవడం కంటే నయం. వీడియో విషయం ప్రత్యేకంగా అడగండి. 1957 నాటి కాపీరైట్ చట్టం, 1994 సవరణ తరువాత, ప్రదర్శన ఇచ్చేవారికీ హక్కులు కల్పిస్తోంది. మీ అనుమతి లేకుండా కచేరీని రికార్డు చేసి యూట్యూబులో పెట్టుకునే అధికారం నిర్వాహకులకు సాధారణంగా ఉండదు. ఇక శాస్త్రీయ, జానపద కళల ప్రదర్శనకు కళాకారులు తీసుకునే పారితోషికం రూ. 1.5 లక్షలు మించనంతవరకు దానిపై జీఎస్టీ ఉండదని కూడా గుర్తుంచుకోండి. ‘పన్ను బాధ ఎందుకు, లెక్కలో చూపకుండా ఇస్తాము’ అనే మాటకు లొంగనక్కరలేదు.

ప్రశ్న: తార్నాకలో మా పాత ఇంటి కింది అంతస్తు ఖాళీగా ఉంది. చిన్న నాటకాలకు, కవి సమ్మేళనాలకు ఇవ్వాలని మా కోరిక. ఎన్నాళ్లు నడుస్తుందో అని సందేహం.
– ఒక విశ్రాంత అధ్యాపకుడు

జవాబు: బంజారా హిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఇలా ఒక ఇంటిలోనే 2010లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఒకసారి వెళ్లి అక్కడి పద్ధతి చూసి రండి. కళాకారులనుంచి పెద్ద అద్దెలు గుంజకుండా, చాయ్, సమోసా, భోజనాలు అమ్మే క్యాంటీను ఆసరాతో నడుపుకుంటున్నారు. ఎవరు ఏ రోజున వాడుకుంటారన్న పట్టిక అందరికీ కనిపించేలా ఉంచడం, తెలిసినవారికి ఒక న్యాయం తెలియనివారికి ఒక న్యాయం లేకుండా చూడడం మొదటినుంచీ అలవాటు చేసుకోండి. ఇరుగుపొరుగువారికి బండ్ల పార్కింగు, రాత్రి చప్పుడు ఇబ్బంది కలగకుండా చూసుకోకపోతే మాత్రం ఎంత మంచి ఆశయమైనా ఏడాది తిరగకుండానే పోలీసు స్టేషనుకు చేరుతుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. హైదరాబాదులోని ఒక నాటక సమాజానికి డబ్బు పంపాలనుకుంటున్నాము. ఇబ్బందులేమైనా ఉంటాయా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: మీ పౌరసత్వం మీద ఆధారపడి ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోనుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వారినుంచి విరాళం పుచ్చుకోవాలంటే ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. చిన్న నాటక సమాజాలకు చాలావరకు అది ఉండదు, తెలియక పుచ్చుకుంటే చిక్కుల్లో పడేది వారే. కాబట్టి పంపే ముందు వారి నమోదు సంగతి అడిగి, ఒక ఆడిటరు సలహా తీసుకోండి. మీ తల్లిదండ్రులు ఇక్కడే ఉంటే, వారి ఊళ్లో ఒక నాటకం వేయించి వారి చేతుల మీదుగా పారితోషికం ఇప్పించడం అన్నింటికంటే సులువు.