క్యాంపింగ్‌కి గాలి పరుపు సంగతి తర్వాత, కింద ఏం పరుస్తారో ముందు చెప్పండి

మీరు అడిగింది ఇద్దరికి సరిపోయే గాలి పరుపు, రెండు వేల లోపు, భైరవకోనలోనో మైపాడు బీచ్ వైపో టెంటు వేసుకుని ఒక రాత్రి పడుకోవడానికి. ఇప్పటిదాకా జవాబిచ్చినవాళ్లంతా జానెడున్నర ఎత్తు డబుల్ పరుపుల లింకులు పెట్టారు. వాళ్లలో ఒక్కరైనా మన జిల్లాల్లో నేల మీద పరుపేసి పడుకున్నారా అని నాకు అనుమానం. నాది ఒంగోలు, అత్తగారిది నెల్లూరు, కాబట్టి రెండు వైపుల ముళ్లూ నాకు తెలుసు.

ముందే చెప్పేస్తున్నా, ఆ డబుల్ పరుపు కొనొద్దు. అది పండక్కి చుట్టాలొస్తే హాల్లో టైల్స్ మీద వేసే సరుకు. దాని డబ్బా మీద టెంటు బొమ్మ, పక్కన కొండలూ వేసి అమ్ముతారు, మనం నమ్ముతాం. దాన్ని ఒకసారి బయటికి తీసుకెళ్లి రెండోసారి మళ్లీ తీసుకెళ్లినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా బావమరిది అలాంటిదే కొన్నాడు. సంక్రాంతికి నేను నెల్లూరులో ఉన్నాను, ముక్కనుమ నాడు ఇంట్లో ఆడవాళ్లంతా అరిసెల డబ్బాలు సర్దుకుంటుంటే వీడు, వీడి స్నేహితులు ఇద్దరు, నేను కలిసి కొత్తకోడూరు బీచ్‌కి బయల్దేరాం. సరుగుడు తోపు పక్కన టెంటు, పొయ్యి మీద రొయ్యలు, రాత్రికి పరుపు మీద నిద్ర, అదీ ప్లాను. పరుపు సైజు చూసి గాలి ఎట్లా కొడతావురా అంటే, "బావా, నువ్వేం టెన్షన్ పడొద్దు, పంపు లోపలే ఉంది, స్విచ్ వేస్తే నాలుగు నిమిషాల్లో నిండుతుంది" అన్నాడు. షాపువాడు అట్లాగే చెప్పాడట. నిజమే, పంపు లోపలే ఉంది. దానికి గోడకు పెట్టే ప్లగ్గూ ఉంది. ఇసకలో ప్లగ్గు ఎక్కడ పెట్టాలో మాత్రం షాపువాడు చెప్పలేదు, వీడు అడగలేదు.

పొద్దుగూకుతోంది. వెనక్కి పోయి పాలెంలో ఒక టీ బంకు ఆయన్ని బతిమాలితే, పాపం ఆయన కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ప్లగ్గు పీకి మాకిచ్చాడు. పంపు ఆన్ చేస్తే ఆ రోదకి కుక్కలన్నీ లేచాయి. పరుపు నిండింది, బంకు ముందు రోడ్డంతా ఆక్రమించింది. దాన్ని కారులో పెట్టలేం. కారు మీద కడదామంటే తాడు లేదు. చివరికి నలుగురం నాలుగు మూలలు పట్టుకుని నెత్తిన పెట్టుకుని బీచ్ వైపు నడిచాం. ఎదురుగా చేపల గంపతో వస్తున్న ఒక పెద్దామె ఆగి చూసి, "ఏంది నాయనా, పందిరి మంచమా? పెళ్లికూతురేదీ?" అంది. సిగ్గుతో చచ్చిపోయాం, కానీ చేతులు వదిలే వీల్లేదు. సాయంత్రం సముద్రపు గాలి పరుపు కిందికి దూరి నలుగుర్నీ పక్కకి లాగుతోంది. ఒకడికి చెప్పు ఊడింది, మూల వదిలేశాడు, పరుపు పోయి ఇసక దిబ్బ మీదున్న రావణాసురుడి మీసాల మీద పడింది. ఆ గడ్డి తెలుసుగా, సూదుల బంతుల్లాగా ఉంటుంది, ఎండిపోతే గాలికి దొర్లుకుంటూ పోతుంది. అదృష్టం, అక్కడ పంక్చరు కాలేదు.

తీరా టెంటు దగ్గరికొస్తే పరుపు టెంటు గుమ్మంలో పట్టలేదు. నిలువుగా పెట్టాం, అడ్డంగా పెట్టాం, మడవబోయాం, లాభం లేదు. దాని కొలత 152 సెంటీమీటర్ల వెడల్పు, 203 పొడవు, గుమ్మమేమో మనిషి వంగి దూరేంత. సగం గాలి తీసేసి లోపలికి నెట్టాం. మళ్లీ నింపాలంటే ప్లగ్గు పాలెంలో ఉంది. నోటితో ఊదే దారి ఆ పరుపుకి లేదు. ఇంక ఆ సగం గాలి పరుపు మీద నేనూ, తొంభై కిలోల మా బావమరిదీ. ఎటు పడుకున్నా మధ్య గుంటలోకి జారి ఒకరి మీద ఒకరం. వాడు రాత్రి ఎప్పుడో బయటికెళ్లాలని లేచాడు, వాడున్న వైపు గాలంతా ఒక్కసారి ఇటు తన్ని నేను టెంటు గోడకి కొట్టుకున్నా. ఆ గోడ మంచుకి తడిసి ఉంది, ఎందుకంటే పరుపు రెండు చివరలా టెంటు గుడ్డని నెడుతోంది, నా చొక్కా వీపంతా తడి. స్నేహితులిద్దరూ బయట తుంగ చాప మీద గురక పెట్టి నిద్రపోయారు.

తెల్లారేసరికి ఉన్న సగం గాలి కూడా తగ్గింది. "కంపెనీవాడు మోసం చేశాడు, బొక్క పడింది" అని వీడి గోల. రాత్రికి రాత్రి మెత్తబడిన ప్రతి పరుపుకీ బొక్క పడినట్టు కాదు. సాయంత్రం 35 డిగ్రీల వేడిలో కొట్టిన గాలి తెల్లవారుజామున 22 డిగ్రీలకి చల్లబడితే నూటికి నాలుగు పాళ్ల దాకా కుంచించుకుపోతుంది. పరుపులో బయటి గాలి కంటే ఉండే అదనపు ఒత్తిడే కాస్త కాబట్టి ఆ నాలుగు పాళ్లే వీపుకి బాగా తెలుస్తాయి. పైగా పీవీసీ ప్లాస్టిక్ పరుపు కొత్తలో సాగుతుంది. అందుకే కొనగానే ఇంట్లో నింపి ఒక రాత్రంతా వదిలేసి, పొద్దున్న మళ్లీ కాస్త నింపి చూడాలి. పడుకోబోయే ముందు, ఎండ చల్లారాక ఇంకోసారి గాలి పట్టించాలి. దీనికి తిరకాసు కూడా ఉంది: నిండుగా నింపిన పరుపుని పదకొండు గంటల ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి, లోపల పైపొరనీ కిందిపొరనీ కలిపి ఉంచే అతుకులు ఊడతాయి. అప్పుడు పరుపు మధ్యలో బుడిపె లేస్తుంది. దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు.

మా వాడి పరుపుకి నిజంగానే ఇంకో జబ్బు కూడా ఉందిలెండి. ఇంటికొచ్చి సబ్బు నీళ్లు రాస్తే రెండు చోట్ల బుడగలు. ఒకటి వాల్వు దగ్గర, మూత అంచులో ఇసక రేణువు ఇరుక్కుంది. తడి గుడ్డతో తుడిస్తే పోయింది. రెండోది కింది వైపు పల్లేరు ముల్లు. సైకిల్ షాపుకి తీసుకెళ్తే ఆయన మామూలు ట్యూబు సొల్యూషన్ రాసి రబ్బరు అతుకు వేశాడు, డబ్బులు తీసుకున్నాడు, రెండో రోజుకి అతుకు ఊడింది. ఆ సొల్యూషన్ రబ్బరుకి పట్టినట్టు పీవీసీకి పట్టదు, దానికి వేరే జిగురు కావాలి. పైభాగాన మఖమల్ లాంటి నూగు ఉంటే, అతుకు వేసే చోట ముందు ఆ నూగు గీకెయ్యాలి, లేకపోతే ఏ జిగురైనా నూగుకే అంటుకుంటుంది, పరుపుకి కాదు. కొన్న షాపుకి ఫోన్ చేస్తే వారంటీలో పంక్చరు రాదన్నారు. గాలి పరుపుకి పంక్చరు కాక ఇంకేం వస్తుందయ్యా అని అడిగితే లైను కట్ చేశారు.

అసలు కోపం మాత్రం నాకు వీడియోలు చేసేవాళ్ల మీద. ఏసీ గదిలో, పాలరాయి మీద పరుపేసి దాని మీద గెంతి "సూపర్ క్వాలిటీ ఫ్రెండ్స్" అంటారు. పల్లేరు కాయల మీద వేసి చూపించమనండి, చిల్లకంప కింద వేసి చూపించమనండి. అన్నిటికంటే ఘోరం పగిలిన బీరు సీసాలు. ఆదివారం సాయంత్రం బీచ్‌కి వచ్చి, తాగి, సీసా రాయికేసి కొట్టి, బిర్యానీ డబ్బాలు అక్కడే వదిలిపోయే మహానుభావులు ఉన్నంతకాలం ఈ ఇసకలో ఏ పరుపుకీ గ్యారంటీ లేదు. ఆ పగిలిన ముక్క పరుపుకి గుచ్చుకుంటే అతుకు వేస్తాం, పిల్లల కాలికి గుచ్చుకుంటే ఏం చేస్తాం?

అందుకే కింద ఏం పరుస్తారని అడుగుతున్నాను. ముందు టెంటు వేసే చోట చీపురో, అదీ లేకపోతే సరుగుడు మండో పెట్టి ఊడ్చి, చేత్తో కాదు, చెప్పు కాలితో తడిమి చూడండి. దాని మీద వడ్లు కప్పే పట్ట ఒకటి రెండు మడతలేసి పరవండి, పట్ట అంచులు టెంటు బయటికి రాకూడదు, వస్తే వాన నీళ్లు పట్టి లోపలికి తెస్తాయి. దాని మీద టెంటు, లోపల పాత చీరల బొంత, ఆ పైన పరుపు. ఈ బొంత మీరు కొనబోయే పరుపు కంటే ముఖ్యం, మీ అమ్మగారినో అత్తగారినో అడిగితే ఊరికే వస్తుంది.

పరుపు అంటారా, రెండు సింగిల్స్ తీసుకోండి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది, ఒకరు కదిలితే రెండోవారు ఎగరరు, పెళ్లయినవాళ్లకి కూడా నా సలహా ఇదే. అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందం చాలు. నైలాను గుడ్డకి టీపీయూ అనే ప్లాస్టిక్ పూత ఉన్నవి పీవీసీ కంటే తేలిక, సాగడం తక్కువ, మడిస్తే చిన్నగా అవుతాయి, కాకపోతే ధర ఎక్కువ, మీ రెండు వేలల్లో రెండు రావడం కష్టం. అప్పుడు సింగిల్ పీవీసీలే తీసుకుని కాలితో తొక్కే పంపు ఒకటి కొనండి. కారుంటే 12 వోల్టుల సాకెట్లో పెట్టేది, లేదా చార్జింగ్ పంపు కూడా ఫర్వాలేదు, కానీ తొక్కుడు పంపుకి చార్జింగ్ అయిపోదు. నోటితో ఊదకండి, తల తిరగడం ఒకటి, లోపల తేమ చేరి బూజు వాసన ఇంకొకటి. వాల్వు చూసేటప్పుడు గాలి లోపలికి పోయి వెనక్కి రాని మూత ఉందా, గాలి తీయడానికి వెడల్పు రంధ్రం వేరే ఉందా అని చూడండి. నింపేటప్పుడు రాయిలా చెయ్యొద్దు. పక్కకి తిరిగి పడుకుంటే తుంటి నేలకి తగలీ తగలకుండా ఉండాలి, అంతే.

ఆర్ వాల్యూ అని ఒక అంకె చూసి చాలామంది కంగారు పడుతున్నారు. నేల చలి ఒంటికి ఎక్కకుండా పరుపు ఎంత ఆపుతుందో అది చెబుతుంది. దాన్ని కొలవడానికి ఏఎస్‌టీఎం ఎఫ్ 3340 అని ఒక ప్రమాణం ఉంది, ఆ పరీక్ష చేసిన పరుపుల అంకెల్నే ఒకదాంతో ఒకటి పోల్చాలి, మిగతావాళ్లు డబ్బా మీద ఏం రాసుకున్నా నేను పట్టించుకోను. మనకి అది ఒకటో రెండో ఉంటే బోలెడు. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. లంబసింగి వెళ్తే మాటవేరు, అక్కడ వట్టి గాలి పరుపు మీద పడుకుంటే లోపలి గాలి అటూ ఇటూ తిరిగి ఒంటి వేడంతా కిందికి దించేస్తుంది, మీద ఎన్ని రగ్గులు కప్పినా వణుకు ఆగదు. అక్కడికి లోపల ఫోమ్ ఉండి దానంతటదే కాస్త గాలి పీల్చుకునే పరుపు కావాలి. మన దగ్గర కష్టం చలి కాదు, చెమట. పీవీసీ మీద వట్టి ఒంటితో పడుకుంటే చర్మం అతుక్కుని ప్రతి కదలికకీ కిర్రుకిర్రుమంటుంది, కాటన్ దుప్పటి తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో అయితే పరుపే వద్దు, చాప చాలు.

నిజం చెప్పాలంటే మీ ఇద్దరి వయసు ముప్ఫై లోపయితే, నడుం నొప్పులు లేకపోతే, చుట్టచుట్టే ఫోమ్ మ్యాట్లు రెండు కొనుక్కుని మిగిలిన డబ్బుతో మంచి టార్చి కొనుక్కోండి. వాటికి పంక్చరు లేదు, పంపు లేదు, వాల్వు లేదు. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే పరుపూ వద్దు మ్యాటూ వద్దు. నేల మీద నుంచి లేవడమే వాళ్లకి కష్టం, మడత మంచం ఒకటి కారులో వేసుకోండి.

భైరవకోన గురించి అడిగారు కాబట్టి ఒక మాట. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం, చోటు గొప్పదే. కానీ అడవి, ఎలుగులు తిరిగే ప్రాంతం, ఎక్కడ పడితే అక్కడ టెంటు వెయ్యకూడదు, ముందు అటవీ శాఖ వాళ్లని అడగండి. రాతి నేల కాబట్టి అక్కడ బొంత రెండింతలు కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, తుపాన్లు ఉంటాయి, వాగు పక్కన చదునుగా ఉందని టెంటు వెయ్యకండి.

తిరిగొచ్చాక పరుపుని మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, వదులుగా చుట్టండి. ఇసక ఉండగానే మడిస్తే మడతల్లో అదే గీకి చిల్లు పెడుతుంది. అటక మీద పడెయ్యకండి, ఎలుకలు కొరుకుతాయి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అతుకుల ప్యాకెట్టు, జిగురు కూడా అందులోనే వేసుకోండి, ఆ జిగురు ఏడాది తర్వాత గడ్డకట్టి ఉంటుంది, బయల్దేరే ముందు మూత తీసి చూసుకోండి.